డార్జిలింగ్‌లో ఆవిరి బండి: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవాలి

డార్జిలింగ్ నుంచి ఘుమ్ దాకా వెళ్లొచ్చే టాయ్ ట్రైన్ షికారు (జాయ్ రైడ్)కి రెండు రకాల ఇంజన్లున్నాయి. మేం వెళ్లినప్పుడు డీజిల్ టికెట్ వెయ్యి దగ్గర, ఆవిరిది పదిహేను వందల దగ్గర ఉంది. ఎక్కువైనా సరే, ఆవిరిదే తీసుకోండి. డీజిల్ బండిలో అదే దారి, అవే కొండలు, కానీ అసలు చూడాల్సింది ఇంజన్నే.

ఈ ఆవిరి ఇంజన్లను 'బి' క్లాస్ అంటారు. విక్టోరియా రాణి కాలంలో, 1889లో గ్లాస్గోలోని షార్ప్ స్టీవర్ట్ కంపెనీ తయారీతో మొదలై 1920ల దాకా మొత్తం 34 వచ్చాయి. పట్టాల మధ్య వెడల్పు రెండడుగులే, మలుపులు మరీ ఇరుకు. అందుకే ఇంజన్‌కి నాలుగే చక్రాలు, నీళ్ల ట్యాంకేమో బాయిలర్ మీద గుర్రానికి జీను వేసినట్టు ఉంటుంది. ఊటీ బండికున్నట్టు, పట్టు కోసం మధ్యలో రంపంలా పళ్లున్న పట్టా ఉండదు. చక్రాలు జారకుండా ముందు కూర్చున్న ఇద్దరు మనుషులు పట్టాల మీద చేత్తో ఇసుక చల్లుతుంటారు! ఇంకొకాయన పని బొగ్గు గడ్డలు పగలగొట్టడమే.

రెండు గంటల ప్రయాణంలో పట్టాలు గుండ్రంగా చుట్టు తిరిగే బతాసియా లూప్ దగ్గర పది నిమిషాలు, ఘుమ్‌లో అరగంట ఆగుతుంది. 2,258 మీటర్ల ఎత్తులో ఉన్న ఘుమ్ స్టేషన్ మ్యూజియం చిన్నదే, అరగంట చాలు. కాంచన్‌జంగా కనబడాలంటే పొద్దున ట్రిప్పే నయం. మధ్యాహ్నానికి మబ్బు కమ్మేస్తుంది. తెల్ల బట్టలు మాత్రం వద్దు, బొగ్గు నలుసులు పడతాయి.

బస విషయంలో అందరూ ఊరి నడిమధ్య కూడలి, చౌరస్తా అంటారు. షికారుకి, టీకి అదే బాగుంటుంది, ఒప్పుకుంటా. కానీ ఇంజన్ల పిచ్చి ఉంటే స్టేషన్ దగ్గరే దిగండి. ఇంజన్ల షెడ్డు రోడ్డు పక్కనే. పొద్దున్నే నిప్పు రాజేసి ఇంజన్లను సిద్ధం చేయడం పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. నాకైతే రైడ్ కంటే అదే నచ్చింది. మేం దిగిన లాడ్జిలో వేడినీళ్లు బకెట్ లెక్కన ఇచ్చారు, అదీ అడిగి అడిగి. గీజర్ ఉందో లేదో ముందే కనుక్కోండి.

సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరా, అక్కణ్ణుంచి సియాల్దా వెళ్లి డార్జిలింగ్ మెయిల్‌లో న్యూ జల్‌పాయ్‌గురి చేరొచ్చు. అక్కణ్ణుంచి పైకి టాయ్ ట్రైన్ ఉంది గానీ, దాన్ని లాగేది డీజిలే. 88 కిలోమీటర్లకి ఏడు గంటలకు పైనే. పిల్లలుంటే షేర్ జీపే మేలు.