మాంట్రియల్‌లో ఇనుప మెట్లు, మంచు మీద పాకం

మార్చి నెలాఖరులో నాలుగు రోజులు కెనడాలోని మాంట్రియల్ వెళ్లొచ్చాం. ప్లాటో అనే పేటలో ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్న ఇల్లు మూడో అంతస్తులో. ఫొటోల్లో ముచ్చటగా కనిపించిన బయటి ఇనుప మెట్లు, తీరా చూస్తే మెలికలు తిరిగి, మంచు పట్టి ఉన్నాయి. సూట్‌కేసులు పైకి చేర్చేసరికి మా ఆయనకి నడుం పట్టేసింది. ఓనర్‌కి ఫోన్ చేస్తే "ఇక్కడ ఇళ్లన్నీ ఇంతే" అన్నాడు. నిజమే, పేటంతా అవే మెట్లు. కానీ ఆ ముక్క ముందే రాయొచ్చుగా! పెద్దవాళ్లతో వెళ్తే మాత్రం లిఫ్ట్ ఉన్న హోటలే చూసుకోండి.

ఆ ఇంటితో ఒక్క లాభం, సెయింట్ వియాటర్ అనే బేగల్ (గారెలా మధ్యలో చిల్లున్న రొట్టె) దుకాణానికి నడిచి వెళ్లొచ్చు. 1957 నాటిది. పిండి చుట్టల్ని తేనె నీళ్లలో ఉడికించి, కట్టెల పొయ్యిలో కాలుస్తారు. వేడివేడిగా నిలబడే తినేశాం, కోటు నిండా నువ్వులే.

పుటీన్ నాకు ఎక్కలేదు. బంగాళాదుంప వేపుడు మీద చీజ్ ముక్కలు, పైన గ్రేవీ. తాజా చీజ్ పంటికింద కీచుమనడం సరదాగానే ఉంది. గ్రేవీ మామూలుగా మాంసం రసంతో చేస్తారు, శాకాహారులు అడిగి తీసుకోండి. నాకు దొరికిన పుట్టగొడుగుల గ్రేవీలో ఉప్పు తప్ప ఏమీ తెలియలేదు.

నోత్ర్ దామ్ చర్చిలో నీలం పైకప్పు, దాని మీద బంగారు చుక్కలు చూస్తూ మెడ నొప్పెట్టింది. ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ఇనుయిట్ల (ఉత్తరాన మంచు ప్రాంతాల ఆదివాసుల) రాతి శిల్పాల దగ్గరే ఎక్కువసేపు ఉన్నాను.

అసలు ఆనందం ఊరి బయట, మేపుల్ చెట్ల తోపులో. ఆ చెట్ల నుంచి కారే నీటిని కాచి సిరప్ అనే పాకం చేస్తారు. ఒక లీటరు సిరప్‌కి దాదాపు 40 లీటర్ల చెట్టు నీరు కాచాలట. భోజనంలో బీన్స్, ఆమ్లెట్, అన్నిటి మీదా అదే సిరప్. తర్వాత బయట, తొట్టిలో పరిచిన మంచు మీద మరిగే పాకం గీతలుగా పోసి చుట్టుకుని తినమని పుల్ల చేతికిచ్చారు. అరిసెలకి బెల్లం పాకం పట్టేటప్పుడు అమ్మమ్మ గిన్నెడు నీళ్లలో చుక్క వేసి, ఉండ కడుతుందా అని చూసేది. ఆ చుక్క మాకే కావాలని కొట్టుకునేవాళ్లం. ఇక్కడ ఎన్ని చుట్టుకున్నా అడిగేవారు లేరు.

540 మిల్లీలీటర్ల సిరప్ డబ్బా ఒకటి కొని, తెలివిగా చేతిసంచిలో పెట్టాను. అది ద్రవమన్న సంగతి ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీలో గుర్తొచ్చింది.