నాటికకు నాలుగు ఎల్ఈడీ పార్ లైట్లు: ఎక్కడ నిలబెడతాయి, ఎక్కడ ముంచుతాయి

పెళ్ళి స్టేజీల మీద, వినాయక మండపాల్లో రంగులు మారుస్తూ కనిపించే నల్లటి గుండ్రటి లైటే ఎల్ఈడీ పార్. లోపల ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు కలిపి 54 ఎల్ఈడీలు, ఒక్కోటి 3 వాట్లు. వెనక చిన్న డిస్‌ప్లే, నాలుగు బటన్లు, డీఎంఎక్స్ (కంట్రోలర్ నుంచి లైటుకు ఆదేశాలు పంపే సిగ్నల్) వైరు వచ్చి పోయేందుకు రెండు సాకెట్లు. కంపెనీని బట్టి ఒక్కోటి రెండు వేల నుంచి మూడున్నర వేల రూపాయల దాకా పలుకుతుంది. దీనికి జతగా, లైట్ల రంగులనూ వెలుగునూ మార్చే 192 చానళ్ళ (విడివిడి ఆదేశాల దారుల) కంట్రోలర్ ఒకటి అమ్ముతారు. పరిషత్తు పోటీలకు తిరిగే చిన్న నాటక సమాజాలు అద్దె లైట్లవాడి చుట్టూ తిరగడం మాని నాలుగు లైట్లు, ఒక కంట్రోలర్ కలిపి కొనుక్కుంటున్నాయి. కొనొచ్చు. కానీ వీటిని నటుల మొహాల మీదికి తిప్పి, మొత్తం నాటికను వీటితోనే లాగాలనుకుంటే మాత్రం వద్దు. వెనక వెలుగుకీ పక్క వెలుగుకీ ఇవి బాగా పనికొస్తాయి, మొహానికి పనికిరావు. ఎందుకో వివరంగా చూద్దాం.

ముందు కరెంటు సంగతి. నాలుగూ కలిపి కాగితం మీద 650 వాట్ల లోపే, వాడకంలో ఇంకా తక్కువ. బడి ఆవరణలో వేదికకు ఇచ్చే మామూలు చిన్న ప్లగ్గు మీద నాలుగూ నడుస్తాయి. అదే ఫిలమెంటు బల్బు ఉండే 1000 వాట్ల హాలోజన్ పార్ ఒక్కటే నాలుగు ఆంపియర్లకు పైన లాగుతుంది. రెండు పెట్టాలంటే 16 ఆంపియర్ల లైను అడగాల్సిందే. పల్లెటూరి వేదికల మీద ఫ్యూజు ఎగిరి నాటిక మధ్యలో ఆగిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. ఈ లెక్కలో ఎల్ఈడీకి పోటీ లేదు. వేడి కూడా తక్కువ, కాబట్టి పక్క తెరకు దగ్గరగా పెట్టినా భయం ఉండదు. హాలోజన్ అయితే గుడ్డకు కనీసం మూడడుగుల దూరం ఉండాలి.

ఇక మొహం. ఎల్ఈడీ ఎరుపు, ఆకుపచ్చల మధ్య పసుపు, నారింజ ఉండే చోట వెలుగు దాదాపు ఖాళీ. మన చామనఛాయ చర్మం నిండుగా కనిపించేది సరిగ్గా అక్కడే. అందుకే ప్యాన్‌కేక్ మేకప్ వేసుకున్న మొహం దీని కింద బూడిద రాసుకున్నట్టు ఉంటుంది, పసుపు చీర వెలిసిపోతుంది, జరీ అంచు చచ్చిపోతుంది. దీంట్లో ఉండే తెల్ల ఎల్ఈడీ నీలం వైపు మొగ్గే చల్లటి తెలుపు, దాన్ని పెంచితే ఇంకా పాలిపోతుంది. ఒక్కో రంగు వెలుగునూ సున్నా నుంచి 255 దాకా అంకెలతో పెడతారు. తప్పనిసరై మొహం మీద వాడాల్సి వస్తే ఎరుపు 255, ఆకుపచ్చ 110, నీలం 20, తెలుపు 150 దగ్గర మొదలుపెట్టండి. మేకప్ వేసుకున్న నటుణ్ణి నిలబెట్టి, అక్కణ్ణుంచి ఆకుపచ్చను కొద్దికొద్దిగా సరిచేయండి. ఖాళీ స్టేజీ మీద చూసి అంకెలు రాసుకుంటే లాభం లేదు.

ఇంకో లోపం దగ్గర్నుంచి చూస్తే గానీ తెలియదు. నాలుగు రంగుల ఎల్ఈడీలు విడివిడిగా ఉంటాయి కాబట్టి నీడలు కూడా విడివిడిగా పడతాయి. తెల్ల పంచె కట్టుకున్న తండ్రి పాత్ర చెయ్యెత్తి మాట్లాడుతుంటే, ఆ చేతి నీడ పంచె మీద ఒక అంచున ఎర్రగా, ఇంకో అంచున నీలంగా పడుతుంది. మూడో వరస దాకా అది కనిపిస్తుంది. ప్రేక్షకుడికి కారణం తెలియకపోయినా కన్ను అటే పోతుంది, మాట వదిలేస్తుంది. లైటు ముందు పాలరంగు ఫ్రాస్ట్ షీటు బిగిస్తే రంగులు కలిసిపోతాయి, కొంత వెలుగు మాత్రం తగ్గుతుంది. కొన్న రోజే ఈ షీట్లు కత్తిరించి నాలుగింటికీ పెట్టేయడం మంచిది.

ఇన్ని లోపాలున్నా కొనమనడానికి కారణం వెనక వెలుగు. ఒకే సన్నివేశం తీసుకుని మూడు రకాలుగా పెట్టి చూస్తే ఈ లైటు విలువ తెలుస్తుంది. తండ్రి కుర్చీలో కూర్చున్నాడు. కొడుకు సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి "వెళ్ళొస్తాను నాన్నా" అంటాడు. తండ్రి పలకడు.

ముందు లైట్లన్నీ సమానంగా వేస్తే ఇద్దరూ ఒకే బరువుతో కనిపిస్తారు. ప్రేక్షకుడు మాటల్ని మాత్రమే వింటాడు. అది రేడియో నాటిక అవుతుంది.

రెండో పద్ధతిలో గుమ్మం వెనక, నేల నుంచి ఏడెనిమిది అడుగుల ఎత్తున ఒక ఎల్ఈడీ పార్ పెట్టి, ముందు వెలుగును సగానికి తగ్గించండి. కొడుకు మొహం చీకట్లోకి వెళ్ళి ఆకారం మిగులుతుంది. అతని నీడ నేల మీద సాగి తండ్రి కాళ్ళ దాకా వస్తుంది. కుర్చీని రెండడుగులు గుమ్మం వైపు జరిపితే ఆ నీడ తండ్రి ఒళ్ళోకి ఎక్కుతుంది. ఒక్క మాట మార్చకుండా, వెళ్ళేవాడి మీద అనుమానం, ఉండేవాడి మీద జాలి పుట్టాయి. తోలుబొమ్మలాటలో తెర వెనక దీపం చేసే పనీ ఇలాంటిదే: మొహంలో వివరం పోయి, కదలికకు బలం వస్తుంది.

మూడో పద్ధతి దీనికి తిరగేసింది. గుమ్మం దగ్గర ఏమీ లేదు. తండ్రి మొహం మీద ఒక్క హాలోజన్, పక్కనుంచి. కొడుకు గొంతు సగం చీకట్లోంచి వినిపిస్తుంది. ఇప్పుడు కొడుకు అన్న ప్రతి మాటకూ అర్థం తండ్రి కనురెప్పల దగ్గర తేలుతుంది. తండ్రి వేషానికి గట్టి నటుడు దొరికితే ఇదే వాడాలి. నటుడు కొత్తవాడైతే రెండోదే క్షేమం, ఎందుకంటే అక్కడ పని నీడ చేస్తుంది.

ఇదంతా ఖరీదైన సామాను లేకుండా జరిగే పని. రంగస్థల లైటింగ్ నిపుణుడు తాపస్ సేన్ 1959లో కలకత్తా మినర్వా థియేటర్లో 'అంగార్' నాటకానికి బొగ్గుగని నీట మునగడాన్ని లైట్లతోనే చూపించాడు. స్టేజీ మీద నీళ్ళు లేవు. వెలుగు ఎటు నుంచి వచ్చి ఎంత ఎత్తు దాకా పాకుతుందో, దాంతోనే జనం ఊపిరి బిగబట్టారు. కొత్త దర్శకులు తలతిప్పే మూవింగ్ హెడ్ లైట్లూ పొగ మిషన్లూ అడిగే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

వెనక పార్‌లను పెట్టేటప్పుడు బీమ్ లెక్క చూసుకోవాలి. ఈ రకం లైట్లు చాలావరకు 25 డిగ్రీల దగ్గర వెలుగు చిమ్ముతాయి. అయిదు మీటర్ల దూరంలో సుమారు రెండుంపావు మీటర్ల గుండ్రం పడుతుంది. అంటే ఒక మనిషి, అతని చేతి చాపు. ఇద్దరు పక్కపక్కన ఉండే సీనుకు ఒక లైటు చాలదు. దీనికి పక్క రెక్కలు ఉండవు కాబట్టి వెలుగు వింగుల (వేదిక పక్కల) మీదికీ ముందు వరస కళ్ళలోకీ కారుతుంది. మందపాటి నల్ల అట్టతో ఎనిమిది, పది అంగుళాల గొట్టం చేసి లైటు మూతికి తొడిగితే సరిపోతుంది. ఇది ఎల్ఈడీకి మాత్రమే. హాలోజన్‌కు అట్ట తొడిగితే నిప్పంటుకుంటుంది.

మొహానికి ఎల్ఈడీ పనికిరాదు కాబట్టి రెండు హాలోజన్లు ఉంచుకోవాలి. వాటి ఎత్తు దగ్గర చాలా సమాజాలు తప్పు చేస్తాయి. 12 అడుగుల స్టాండు అంటే ఎత్తే అనిపిస్తుంది. కానీ వేదికే నాలుగడుగులు ఉంటే, నేల మీద నిలబెట్టిన ఆ స్టాండు వేదిక మీద నుంచి లెక్కేస్తే ఎనిమిది అడుగులు మాత్రమే, నటుడి మొహం కన్నా మూడడుగులు పైన. పన్నెండడుగుల దూరం నుంచి అలా కొడితే వెలుగు దాదాపు నేరుగా తగిలి మొహం పలకలా చదునుగా కనిపిస్తుంది, నీడ పోయి వెనక తెర మీద మనిషంత ఎత్తున నిలబడుతుంది. పందిరి ముందు పట్టె వేదిక నేల నుంచి పదడుగుల ఎత్తున ఉంటే దానికే వేలాడదీయండి. నటుడు అక్కణ్ణుంచి ఆరడుగులు లోపలికి నిలబడితే కోణం నలభై డిగ్రీల దగ్గరికి వస్తుంది. కళ్ళు కనిపిస్తాయి, ముక్కు నీడ పెదవి మీదే ఆగుతుంది. ఒకటి ఎడమ, ఒకటి కుడి. ఒకదానికి లేత పసుపు జెలటిన్ (రంగు షీటు), రెండోదానికి ఏమీ వద్దు. వీటికి వేరే డిమ్మర్ ఉండాలి. ఎల్ఈడీ పార్‌ను మాత్రం ఆ డిమ్మర్ సాకెట్లో ఎప్పుడూ గుచ్చకండి, లోపల ఎల్ఈడీలకు కరెంటు సరిచేసే డ్రైవర్ కాలిపోవచ్చు. దానికి నేరుగా కరెంటు ఇచ్చి, వెలుగు తగ్గించడం డీఎంఎక్స్‌తోనే చేయాలి.

కంట్రోలర్ విషయం. 192 చానళ్ళను ఇది 16 చొప్పున 12 లైట్లకు పంచుతుంది. కాబట్టి నాలుగు లైట్లకు అడ్రసులు (ఒక్కో లైటు మొదటి చానల్ అంకెలు) 1, 17, 33, 49. పాత రకం లైట్లలో డిస్‌ప్లే బదులు చిన్న స్విచ్చులు ఉంటే, 17కి ఒకటో స్విచ్చు, అయిదో స్విచ్చు. 33కి ఒకటి, ఆరు. 49కి ఒకటి, అయిదు, ఆరు పైకి ఎత్తాలి. రెండు లైట్లు ఎప్పుడూ కలిసే వెలగాలంటే రెండింటికీ ఒకే అడ్రసు ఇవ్వండి, వేళ్ళకు పని తగ్గుతుంది. ఆన్ చేయగానే కంట్రోలర్ సాధారణంగా బ్లాకౌట్‌లోనే (లైట్లన్నీ ఆర్పి ఉంచే స్థితిలోనే) లేస్తుంది. లైట్లు రాలేదని వైర్లన్నీ పీకే ముందు బ్లాకౌట్ బటన్ నొక్కి చూడండి.

వైర్ల దగ్గర పొదుపు చేయకూడదు. మైకు కేబుల్ కూడా అదే మూడు పిన్నులతో ఉంటుంది కాబట్టి దాన్నే గుచ్చేస్తారు. దగ్గర దూరానికి పనిచేస్తుంది, దూరం పెరిగేకొద్దీ లైట్లు వణుకుతాయి. చివరి లైటు బయటి సాకెట్లో 2, 3 పిన్నుల మధ్య 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉన్న ప్లగ్గు పెడితే ఆ వణుకు చాలావరకు పోతుంది. పది రూపాయల రెసిస్టర్ లేక మంచి సీన్లు పాడవుతున్నాయి. ఇంకా ముఖ్యమైనది: సిగ్నల్ తెగితే కొన్ని లైట్లు వాటంతట అవే సౌండ్ మోడ్‌లోకి వెళ్ళిపోతాయి. శవం చుట్టూ ఏడుస్తున్న సీనులో, ఏడుపుకు తగ్గట్టు లైట్లు రంగులు మారుస్తాయి. మెనూలోకి వెళ్ళి, సిగ్నల్ పోతే పాత స్థితిలోనే ఆగేలా పెట్టుకోవచ్చేమో కొనే ముందే చూడండి. ఆ వీలు లేని మోడల్ నాటకానికి వద్దు.

అన్నింటికన్నా పెద్ద నిరాశ ఫేడ్ అవుట్, అంటే వెలుగును మెల్లగా ఆర్పడం. దీనికి 256 మెట్లే ఉన్నాయి, పైన అవి తెలియవు. కింద, 15 నుంచి సున్నాకు దిగేటప్పుడు మాత్రం ఒక్కో మెట్టూ కనిపిస్తుంది, ఎనిమిది దగ్గరికొచ్చేసరికి ఠక్కున ఆరిపోతుంది. పైగా ఈ కంట్రోలర్లలో ఫేడ్ టైమ్ స్లైడర్ ఎక్కువగా ఛేజ్ (సీన్లు వరసగా వాటంతట అవే మారడం) నడిచేటప్పుడే పనిచేస్తుంది. చేత్తో సీను పిలిస్తే ఒక్కసారిగా దూకుతుంది. హాలోజన్ అలా కాదు. తగ్గే కొద్దీ ఫిలమెంటు ఎర్రబడుతూ, ఆరాక కూడా ఒక క్షణం మిగులుతుంది. నాటిక చివర ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తల్లి మీద పన్నెండు సెకన్ల ఫేడ్ అనుకుంటే, ఎల్ఈడీలను మొదటి అయిదు సెకన్లలోనే తీసేయండి. మిగతా ఏడు సెకన్లూ హాలోజన్ ఒక్కటే దిగాలి. చివరి వెలుగు మొహం మీద ఆగితే ప్రేక్షకుడు ఆమె బాధతో ఇంటికి వెళ్తాడు. అదే వెనక లైటు చివరిదాకా ఉంచి ముందుది ముందే తీసేస్తే ఆమె ఒంటరితనం మిగులుతుంది. ఏది కావాలో దర్శకుడు రిహార్సల్లోనే తేల్చాలి, ప్రదర్శన రోజు లైటింగ్ కుర్రాడికి వదిలేయకూడదు.

సీనుకూ సీనుకూ మధ్య పూర్తి చీకటి అయిదారు సెకన్లు దాటితే హాల్లో కబుర్లు మొదలవుతాయి. సామాను జరిపేవాళ్ళకు ఒక వెనక పార్‌ను నీలం 20 దగ్గర ఉంచితే చాలు. పని కనిపిస్తుంది, మొహాలు కనిపించవు. ఈ పనికి ఎల్ఈడీని మించింది లేదు.

ఫ్యాను ఉన్న మోడల్ అయితే నిశ్శబ్ద ఘట్టాల్లో గుర్రుమనే చప్పుడు హ్యాంగింగ్ మైకు పట్టేస్తుంది. మైకుకు పదడుగుల లోపు పెట్టకండి. వీడియోలో అడ్డచారలు వస్తే కెమెరా షట్టర్ 50వ వంతు సెకనుకు తగ్గించి చూడమనండి, తగ్గుతాయి, అన్ని మోడళ్ళలోనూ పూర్తిగా పోవు.

పద్యనాటకం వేసే సమాజాలకు ఈ సెట్టు నేను సిఫారసు చేయను. రాయబారం సీనులో కిరీటం, భుజకీర్తులు, జరీ అంతా వెచ్చటి వెలుగు కోసం తయారైన ఆహార్యం. ఆ డబ్బుతో ఇంకో రెండు హాలోజన్లు, మంచి డిమ్మర్ కొనుక్కోవడం మేలు. సాంఘిక నాటికలు ఆడేవాళ్ళు నాలుగు ఎల్ఈడీలు, రెండు హాలోజన్లు, నాలుగు చానళ్ళ డిమ్మర్, ఫ్రాస్ట్ షీట్లు, అసలైన డీఎంఎక్స్ కేబుల్, రెండు టర్మినేటర్ ప్లగ్గులు (పైన చెప్పిన రెసిస్టర్ ఉన్నవి) కలిపి తీసుకోండి. దుకాణంలోనే నాలుగింటినీ 10 దగ్గర వెలిగించి పక్కపక్కన చూడండి. ఒకటి ఆరిపోయి, ఇంకొకటి ఆకుపచ్చకు తిరిగిందంటే ఆ పెట్టె వెనక్కి ఇచ్చి వేరే పెట్టె తెప్పించుకోండి.