షటిల్ ఆడే కాలు, పరుగెత్తే కాళ్లు

నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో పిల్లల్ని ఆటల్లో చేర్పించే తల్లిదండ్రులు షటిలా, పరుగా అని అడుగుతుంటారు. కాళ్ల సంగతి చూస్తే రెండింటికీ చాలా తేడా ఉంది.

కుడిచేతితో షటిల్ ఆడేవాళ్లు నెట్ దగ్గరి షాట్ కోసం దాదాపు ప్రతిసారీ కుడికాలే ముందుకు చాచి వంగుతారు. ఒంటి బరువు, ఉరికొచ్చిన వేగం రెండూ ఆ మోకాలి మీదే ఆగుతాయి. ఏళ్ల తరబడి ఇలా ఆడితే ఆ తొడ ముందు కండరం బలపడుతుంది, మోకాలి చిప్ప కింది టెండన్ (కండరాన్ని ఎముకతో కలిపే గట్టి పట్టీ) మందమవుతుంది. ఫెన్సింగ్ (కత్తిసాము ఆట) వాళ్లలోనూ ఇదే కనిపించింది. మందమవడం జబ్బు కాదు, భారానికి శరీరం అలవాటుపడటం. చిక్కంతా వేగంలో ఉంది: కండరం కొన్ని వారాల్లో బలం పుంజుకుంటుంది, టెండన్‌కు నెలలు పడుతుంది. ఎండాకాలం సెలవుల్లో ఒక్కసారిగా ఆట గంటలు పెంచితే చిప్ప కింద నొప్పి మొదలయ్యేది అందుకే.

పరుగులో రెండు కాళ్లకూ పని ఇంచుమించు సమానం. ట్రాక్ మీద ఎప్పుడూ ఎడమవైపే తిరుగుతారు కాబట్టి మలుపుల్లో కొంత తేడా ఉంటుంది. ఇక్కడ పిక్కలకు, మడమ వెనక టెండన్‌కు శ్రమ ఎక్కువ.

12 ఏళ్ల లోపు పిల్లలైతే పరుగు, కబడ్డీ, ఖోఖో అన్నీ ఆడనివ్వమంటాను. షటిలే ఇష్టమైతే మాన్పించొద్దు. ఎడమకాలు ముందుకు చాచి వంగే లంజ్‌లు, ఒంటికాలి స్క్వాట్లు కూడా చేయించండి. అప్పుడప్పుడు ఒక్కో కాలితో గెంతించి దూరం కొలవండి. తేడా 10 శాతం మించితే కోచ్‌కు చెప్పండి. నొప్పి ఉన్న కాలితో మాత్రం గెంతించొద్దు.