ప్యాడ్ లోపలి వేడి చెప్పే త్రస్ట్ బేరింగ్: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

గాజువాక దాటాక ఉన్న ఒక కర్మాగారంలో, సొంత విద్యుత్తు కోసం నడిచే ఆవిరి టర్బైన్ నిర్వహణ నా పని. తొమ్మిదేళ్ల కిందట దాని త్రస్ట్ బేరింగ్ మార్చినప్పుడు, ప్యాడ్లలోనే ఉష్ణోగ్రత సెన్సర్లు ఉన్న టిల్టింగ్ ప్యాడ్ రకం వేయించాం. ఆవిరి తోపుకు రోటర్ (టర్బైన్‌లో తిరిగే భాగం) పక్కకు జరిగిపోకుండా ఆపేది ఈ బేరింగే; ఆ తోపును మోసేవి అందులో రెండు వైపులా ఉండే ప్యాడ్లు, అంటే కొద్దిగా వాలగల లోహపు దిమ్మలు. మిగతాది ఈ రంగంలో ఉన్నవారికి నేను చెప్పనక్కర్లేదు. నా మాటలన్నీ అగ్గిపుల్లంత కూడా లేని ఆ సెన్సరు గురించే. మా రోటర్ ఈరోజు తిరుగుతోందంటే దాని చలవే.

అంతకుముందు మాకు తెలిసింది బేరింగ్ నుంచి బయటికి వచ్చే ఆయిల్ వేడి ఒక్కటే. దాన్ని నమ్ముకుని ఏళ్ల తరబడి నడిపాం. తలచుకుంటే ఇప్పుడు భయం వేస్తుంది.

కొత్త బేరింగ్‌కు అది మూడో వేసవి. పూర్తి లోడులో 80 డిగ్రీల దగ్గర ఉండే ప్యాడ్, మూడు వారాల్లో మెల్లగా 97కు ఎక్కింది. అలారం 105కు, ట్రిప్ (టర్బైన్ దానంతటదే ఆగిపోవడం) 120కి పెట్టుకున్నాం. బయటికి వచ్చే ఆయిల్ మాత్రం రెండు డిగ్రీలే పెరిగింది. రోటర్ స్థానం చూపే ప్రోబు మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు జరిగింది; అంత తేడా మామూలు రోజుల్లోనూ కనిపిస్తుంది.

"మే నెల కదా సార్, ఆయిల్ కూలర్ మురికి పట్టి ఉంటుంది" అన్నాడు మా ఫిట్టర్. నేనూ అదే అనుకున్నాను. రెండో కూలర్‌కు మార్చాం. లోపలికి వెళ్లే ఆయిల్ 46 నుంచి 42కు దిగింది. ప్యాడ్ మూడు డిగ్రీలు తగ్గింది, నాలుగు రోజుల్లో మళ్లీ ఎక్కింది. ఈ సముద్రపు గాలికి ఆయిల్‌లో నీరు చేరిందేమో అని పరీక్ష చేయించాం. లేదు.

అప్పుడు రాత్రి షిఫ్టులో రెండు వైపుల అంకెలూ పక్కపక్కన రాసుకుని చూశాను. బరువు మోసే వైపు ప్యాడ్లు మాత్రమే వేడెక్కాయి, అవతలి వైపువి కదలలేదు. లోపం ఆయిల్‌లో ఉంటే రెండు వైపులా పెరగాలి కదా! అంటే రోటర్ తోపే పెరిగింది. పాత లాగ్ షీట్లు తిరగేస్తే, అదే ఆవిరి ప్రవాహానికి మొదటి స్టేజి (మొదటి వరుస బ్లేడ్లు) తర్వాతి పీడనం 8 శాతం దాకా పెరిగి ఉంది. అంటే ఆ తర్వాత ఎక్కడో ఆవిరి దారి ఇరుకవుతోంది.

లోడు తగ్గించి నడిపి, తేదీ చూసుకుని ఆపి విప్పాం. మధ్య స్టేజీల బ్లేడ్ల మీద నీళ్లకు కరగని తెల్లటి పెచ్చు కట్టి ఉంది. అది సిలికా. బాయిలర్ నీటిలోని లవణాలు తీసే డీఎం ప్లాంటులో, వాటిని పట్టే రెజిన్ పాతబడి సిలికాను వదిలేస్తోంది, అది ఆవిరితో వచ్చి బ్లేడ్లకు పట్టింది. ఒక ప్యాడ్‌ను అరచేతిలో పెట్టుకుని చూశాను. వెనుక అంచున, బయటి మూల దగ్గర, బొటనవేలి గోరంత గోధుమరంగు మచ్చ. అక్కడ వైట్ మెటల్ (ప్యాడ్ మీద ఉండే మెత్తటి లోహపు పొర) కొద్దిగా జారి గీరలా లేచింది, గోటితో రాస్తే తగులుతోంది. సెన్సరు సరిగ్గా ఆ మచ్చ కిందే ఉంది. వైట్ మెటల్ కరగడానికి దాదాపు 240 డిగ్రీలు కావాలి గానీ, మెత్తబడి జారడానికి అంత వేడి అక్కర్లేదు.

ఆ తర్వాత రెండేళ్లు, ఇదొక్కటుంటే చాలని కనిపించిన వారందరికీ చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. ఐదో ఏట ఆయిల్‌లో నానే సెన్సరు తీగ క్లాంపు దగ్గర విరిగింది, అంకె ఒక్కసారిగా పైకి ఎగిరింది, టర్బైన్ ట్రిప్ అయింది. బేరింగ్‌కు ఏమీ కాలేదు. ఒక్క సెన్సరు మాట మీద ట్రిప్ పెట్టడం మా తప్పు. మరోసారి, షాఫ్టులో చేరే విద్యుత్తును నేలకు పంపే ఎర్తింగ్ బ్రష్ అరిగిపోయి, విద్యుత్తు మరకలతో ప్యాడ్లు మంచు పట్టినట్టు మసకబారాయి. వేడి పెరగలేదు కాబట్టి సెన్సరు దాన్ని పట్టలేకపోయింది.

మా టర్బైన్ ఏడాదంతా ఆగదు, విప్పే అవకాశం ఎప్పుడో గానీ రాదు. అందుకే మాకు ఇది పెట్టిన ప్రతి రూపాయికీ తగినది. సీజన్ ముగియగానే విప్పి చూసుకునే చక్కెర మిల్లుకు ఇంత ఖర్చు అవసరమా అంటే, నేను గట్టిగా చెప్పలేను. మేం మాత్రం పోయిన ఓవర్‌హాల్‌లో రెండు వైపులా రెండేసి ప్యాడ్లకు జంట సెన్సర్లు వేయించాం, రెండూ ఒకే మాట చెబితేనే ట్రిప్ అయ్యేలా మార్పించాం.