బ్లాకు మీద పోత నంబరు గీకేసి అమ్ముతున్నారు, కోరాపుట్ వైపు లారీవాళ్లు చూసుకోండి

సాలూరు, కోరాపుట్ మధ్య సుంకి ఘాట్ మీద పాత టాటా లారీలు తిప్పేవాళ్లందరికీ చెప్తున్నాను. ఒడిశా జైపూర్ రోడ్డు వైపు పాత ఇంజన్ సామాను అమ్మేవాళ్లలో ఒకడు ఫోటోలో ఒక బ్లాకు (సిలిండర్లుండే ఇంజన్ ఇనుప పోత) చూపించి, లోడులో ఇంకోటి పంపుతున్నాడు. పేరు రాయను. ఆ వైపు సామాను కొనేవాళ్లకి ఎవరో అర్థమైపోతుంది.

మా లారీది టాటా 697 ఇంజన్. బ్లాకు పగిలింది, వెల్డింగుకి ఆగదని సాలూరు మేస్త్రి తేల్చేశాడు. ఆ అమ్మేవాడు వాట్సాప్‌లో పంపిన ఫోటోలో పోత నంబరు (బ్లాకుతో పాటే అచ్చులోంచి వచ్చే నంబరు) స్పష్టంగా కనబడింది, మా పాత బ్లాకు మీదున్న నంబరే. "మనం మనం తెలుగోళ్లం, మీకు మోసం చేస్తానా బాబూ" అన్నాడు. 28 వేలు తీసుకుని, గోనెపట్టా చుట్టి సాలూరు పంపించాడు.

పట్టా విప్పితే మొత్తం కొత్త బూడిదరంగు పెయింటు. మేస్త్రి డీజిల్ పోసి వైర్ బ్రష్‌తో రుద్దాడు. నంబరు ఉండాల్సిన చోట అరచేయంత మేర నున్నగా ఉంది, దాని మీద గ్రైండర్ చక్రం తిరిగిన వంపు గీతలు. చుట్టూ మిగతా ఇనుము మాత్రం ఇసుక అచ్చులోంచి వచ్చినట్టే గరుగ్గా ఉంది. ఇంజన్ నంబరు కొట్టే చదును చోట చూస్తే అంకెలు కొత్తగా పంచ్ చేసినవి, అంచులు ఇంకా మెరుస్తున్నాయి, ఒక 7 పక్కకి వాలిపోయి ఉంది.

తర్వాత మా పిస్టన్ తీసి బోరు (పిస్టన్ దిగే గుండ్రటి రంధ్రం) మీద పెట్టాడు. దిగలేదు, పైనే కూర్చుంది. వెర్నియర్ పెట్టి కొలిస్తే బోరు వెడల్పు 92 మిల్లీమీటర్లు. అది 692 బ్లాకు! టాటా పాత ఇంజన్ల పేర్లలోనే లెక్క ఉంది: మొదటి అంకె సిలిండర్లు, తర్వాతి రెండు బోరు మిల్లీమీటర్లు. 692కి బోరు 92, 697కి 97. అయిదు మిల్లీమీటర్ల తేడా బోరు కోసి పెద్దది చేసే ఏ రీబోరింగుతోనూ పూడదు. ఇది పొరపాటున లోడు మారడం కాదు, పొరపాటైతే నంబరు ఎందుకు గీకుతారు?

ఫోన్ చేశాను. నాకు ఇప్పటికీ రక్తం మరిగేది ఇక్కడే. బేరమప్పుడు అంత చక్కగా తెలుగు మాట్లాడిన మనిషి, నా గొంతు వినగానే ఒడియాలోకి మారిపోయాడు, ఎవరో తెలీనట్టు ఊరూ పేరూ అడిగాడు. నాకూ ఒడియా వచ్చు, ఒడియాలోనే అడిగాను. అప్పుడన్నాడు: "సాలూరులో మీరే గ్రైండింగ్ చేయించి నా మీదికి వస్తున్నారా?" మేస్త్రి పక్కనే నిలబడి వింటున్నాడు. ముప్పై ఏళ్లుగా ఇంజన్లు విప్పుతున్న మనిషిని కూడా దొంగ కింద కట్టేశాడు. మళ్లీ ఫోన్ చేస్తే నా నంబరు బ్లాక్ చేసేశాడు. లారీ షెడ్డులోనే పడి ఉంది, ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు.

డబ్బు సంగతి ఒకటైతే, అసలు భయం ఇంకోటి. పంచ్ నంబరు చెరిపిన బ్లాకు ఏ దొంగ లారీదో ఎవరికి తెలుసు? ఆర్సీలో ఇంజన్ నంబరు ఉంటుంది, మార్చితే ఆర్టీవో దగ్గర రాయించాలి. చెక్‌పోస్టులో పట్టుకుంటే ఇరుక్కునేది కొన్నవాడే. బ్లాకు అలాగే ఉంచాను, ఫోటోలు, పేమెంటు కాయితం పట్టుకుని స్టేషనుకి వెళ్తున్నాను.

కొనేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. పోత నంబరు ఉబ్బెత్తుగా ఉంటుంది, అచ్చుతోనే వస్తుంది, ఏ రకం బ్లాకో చెప్తుంది. ఇంజన్ నంబరు లోపలికి కొట్టి ఉంటుంది, అది ఆ ఒక్క ఇంజన్‌దే. రెండూ చూడాలి. అంకెలు అరిగిపోతే సుద్దముక్క రుద్ది, టార్చి పక్కనుంచి వేస్తే తేలతాయి. కొత్త పెయింటు ఉంటే యార్డులోనే గీకించండి. పోత నంబరు ఒక్కదాన్నే నమ్మకండి, ఒకే పోతని వేర్వేరు కొలతలకి కోసి తయారుచేసే బ్లాకులూ ఉంటాయి, బోరు కొలిచి తీరాలి. రెండు నంబర్లూ బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బు ఇవ్వండి. రాయనంటే అక్కడ కొనకండి.