జాజ్ గిటార్‌లో ఆశువు: ఒంటరి సాధనా, వారం వారం ఛాలెంజా, ఏది మేలు?

చెన్నై వేళచ్చేరిలోని మా ఇంట్లో రాత్రి తొమ్మిదిన్నర దాటితే గానీ గిటార్ నా చేతికి రాదు. ఐదేళ్లుగా అదే వేళ. మొదటి మూడేళ్లు తోడు వాయిద్యాలు మాత్రమే వినిపించే బ్యాకింగ్ ట్రాక్ పెట్టుకుని ఒంటరిగా వాయించాను. ఈ రెండేళ్లుగా మరో నలుగురు మిత్రులతో కలిసి, వారానికొక షరతు పెట్టుకుని వాయించే ఛాలెంజ్ నడుపుతున్నాను. ఇద్దరు బెంగళూరులో, ఒకరు హైదరాబాదులో, ఒకరు ఇక్కడే పెరంబూరులో ఉంటారు. రెండు దారులూ నడిచాను కాబట్టి ఏది మేలో నా మాట ముందే చెబుతాను. స్కేళ్లు (స్వరాల వరుసలు), కార్డులు (కలిపి మోగే స్వరాల గుంపులు) చేతికి వచ్చి కూడా, సోలో, అంటే అప్పటికప్పుడు అల్లి వాయించడం, మొదలుపెట్టగానే తడబడేవారికి ఛాలెంజే మేలు. అయితే ఒక్క నియమం తప్పితే అది ఒంటరి సాధన కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది.

ఒంటరి సాధనను తక్కువ చేయను. అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీ పగలు ఉద్యోగం చేసుకుంటూ, తనకు ముందుతరం గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ సోలోలను రికార్డులు వింటూ చెవితోనే పట్టాడు. జాజ్ బోధకుడు జేమీ ఎబర్సోల్డ్ 1967లో తోడు వాయిద్యాల రికార్డులు మొదలుపెట్టాక ఇంట్లోనే బేస్, డ్రమ్స్ పక్కన ఉన్నట్టు వాయించుకునే వీలు దొరికింది. ఇప్పుడు ఆ పని ఫోను చేస్తోంది. వేగం సగానికి తగ్గించి, ఒకే చోటును వందసార్లు తిప్పుకోవచ్చు.

ఆ వందసార్లు ఎందుకంటే, జోసెఫ్ కోస్మా 1945లో బాణీ కట్టిన 'ఆటమ్ లీవ్స్' తీసుకోండి. జి మైనర్‌లో వాయిస్తే మొదటి కార్డు సి మైనర్ సెవెన్, రెండోది ఎఫ్ సెవెన్. మొదటి దానిలోని 'బి ఫ్లాట్' అనే స్వరం అరస్వరం దిగి రెండో దానిలో 'ఏ' అనే స్వరం అవుతుంది. గిటార్ మీద అది మూడో తీగలో మూడో మెట్టు నుంచి రెండో మెట్టుకు ఒక్క వేలి జరుగుడు. సరిగ్గా కార్డు మారే క్షణంలో ఆ వేలు జరిగితే, వెనక వాయిద్యమేదీ లేకపోయినా వినేవారికి పాట కదలిక తెలుస్తుంది. నేను దీన్ని పట్టుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఇలాంటి పనికి ఏకాంతమే కావాలి, పక్కన ఎవరూ ఉండకూడదు.

కానీ ట్రాక్‌కు చెవులు లేవు. తప్పు స్వరం మీద నిలబడినా అది సాగిపోతుంది. పది నిమిషాలు ఏదో ఒకటి వాయిస్తూ ఉండిపోతాం. ఎక్కడ మొదలుపెట్టామో, ఎక్కడ ముగించాలో ఆలోచనే రాదు. మూడేళ్లలో నేను వాయించిన ఏ సోలోకూ ముగింపు లేదు.

ఛాలెంజ్ దాన్నే సరిచేసింది. మా పద్ధతిని అష్టావధానం నుంచి తీసుకున్నాం. అవధానిని పృచ్ఛకులు ఊరికే పద్యం చెప్పమని వదిలేయరు. నిషిద్ధాక్షరిలో ఒకరు ఈ అక్షరం వాడొద్దంటూ అడ్డుపడతారు, దత్తపదిలో మరొకరు నాలుగు మాటలిచ్చి అవి పద్యంలో ఉండి తీరాలంటారు. ఆ కట్టడిలోనే ఆశువు పదునెక్కుతుంది. మాలో ప్రతి సోమవారం ఒకరు పృచ్ఛకులవుతారు. ఒక వారం ఏ కార్డుకైనా మూల స్వరం, అంటే దాని పేరులోని స్వరం, నిషిద్ధం. ఇంకో వారం నాలుగు స్వరాల చిన్న పలుకు ఇచ్చి, సోలోలో అది మూడుచోట్ల వినపడాలంటారు. ఆదివారం రాత్రిలోగా ఒక్క కోరస్, అంటే పాట మొత్తానికి ఒక ఆవర్తనం, రికార్డు చేసి పంపాలి. బార్ అంటే ఇక్కడ నాలుగు బీట్ల కొలత; 32 బార్ల పాటను నిమిషానికి 120 బీట్ల వేగంతో వాయిస్తే 64 సెకన్లలో అయిపోతుంది. అంత తక్కువ చోటులో మొదలు, నడక, ముగింపు మూడూ ఉండాలనేసరికి తొలి నెల ఊపిరాడలేదు. రెండో నెలకు నా వాయింపులో విరామాలు వచ్చాయి. మధ్యలో ఆగి వినడం అప్పుడే అలవాటైంది.

ఇక ఆ నియమం సంగతి. తొలిరోజుల్లో ఎన్నిసార్లయినా రికార్డు చేసుకోవచ్చు అనుకున్నాం. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు కెన్నీ డోరమ్ బాణీ 'బ్లూ బోసా' వంతు వచ్చిన వారం నేను ఇరవై సార్లకు పైగా వాయించి, అన్నింటిలో చక్కగా వచ్చినదాన్ని పంపాను. పెరంబూరు తమ్ముడు మర్నాడు ఫోన్ చేశాడు. "అన్నా, చాలా బాగుంది. కానీ ఇది రాసుకుని వాయించినట్టుంది కదా?" నిజమే. ఏడెనిమిది సార్లు దాటేసరికి బాగా కుదిరిన ముక్కలన్నీ నోటికి వచ్చేశాయి. తర్వాత వాటిని అప్పజెప్పానంతే. అది రచన కావచ్చు, ఆశువు కాదు. ఆ రోజు నుంచి వారమంతా ఎంతైనా సాధన చేయవచ్చు కానీ రికార్డు మీట నొక్కేది ఒక్కసారే, తప్పొచ్చినా అదే పంపాలి. కాపలా లేని నియమం ఇది, స్నేహం మీద నిలబడింది. మీరు ఎవరితోనైనా ఇలాంటిది మొదలుపెడితే మొదటి రోజే ఈ మాట అనుకోండి.

విన్నవాళ్లు 'సూపర్' అని వదిలేయకూడదన్నది కూడా మాకు ముఖ్యం. ఏ బార్‌లో ఏం వినపడిందో చెప్పాలి. "18వ బార్‌లో డి సెవెన్ వచ్చింది, నువ్వు ఇంకా ఎఫ్ దగ్గరే ఉన్నావు, ఆ కార్డులో ఉండే ఎఫ్ షార్ప్ కోసం ఎదురుచూశాను" అని బెంగళూరు వైట్‌ఫీల్డ్ మిత్రుడు రాసిన ఒక్క వాక్యం నాకు నెల రోజుల పాఠమైంది. గెలుపోటములు, మార్కులు పెట్టుకోలేదు. పెట్టుకుంటే అందరూ తమకు వచ్చిన ముక్కలే వాయిస్తారని నా భయం.

ఇక గురువు అవసరమా అంటే, మణికట్టు నొప్పి పుడుతున్నా, కుడిచేతి వాటం కుదరకపోయినా ఛాలెంజ్‌తో పని జరగదు. చేతిని పక్కనుంచి చూసేవారు కావాలి. మొదటి ఏడాది వారికి నేను గురువునే సూచిస్తాను.

ఛాలెంజ్ ఇవ్వలేనిది ఇంకొకటి ఉంది, దాని లోటు నాకు గట్టిగా తెలుస్తుంది. డిసెంబరులో మైలాపూర్ సభల్లో గాయని కల్పనస్వరం, అంటే అప్పటికప్పుడు అల్లే స్వరాలు, పాడి వదిలిన చోటే వయొలిన్ అందుకుని జవాబిస్తుంది. జాజ్‌లోనూ ప్రాణం అక్కడే ఉంది. వీడియో కాల్‌లో అది సాధ్యపడదు. 120 వేగంలో అరబీటు అంటే 250 మిల్లీసెకన్లు. కాల్‌లో శబ్దం అందులో సగం ఆలస్యంగా చేరినా తాళం విడిపోతుంది. అందుకే నెలకొకసారి నేను గిటార్ భుజాన వేసుకుని వేళచ్చేరి నుంచి లోకల్ రైలెక్కుతాను, బీచ్ స్టేషన్‌లో దిగి అక్కడి నుంచి పెరంబూరు వెళతాను. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని నాలుగు బార్లు నువ్వు, నాలుగు బార్లు నేను అని పంచుకుంటాం. మిగిలిన ముగ్గురికి ఇలా కలిసి వాయించే తోడు ఇంకా దొరకలేదు.

ఈ వారం పృచ్ఛకుణ్ని నేను. ఎఫ్‌లో 12 బార్ల బ్లూస్ ఇచ్చాను. ప్రతి నాలుగు బార్లలో చివరి బార్ మౌనంగా వదలాలి, మొదటి తీగ ముట్టకూడదు. బెంగళూరు నుంచి రెండు రికార్డింగులు అప్పుడే వచ్చేశాయి. నాది ఇంకా చేయలేదు, ఆదివారం రాత్రి పదింటి వరకు సమయముంది.