షుగర్‌కి పేగు వైద్యం: పీచా, ప్రోబయోటిక్ మాత్రా, మలమార్పిడా?

"పేగుల్లో మంచి బ్యాక్టీరియా పెంచుకోండి, షుగర్ అదుపులోకి వస్తుంది" అన్న సలహా ఈ మధ్య ఎక్కడ చూసినా కనిపిస్తోంది. సలహాలో నిజముంది. ఎలా పెంచుకోవాలన్న దగ్గరే తేడా వస్తుంది.

ముందు మలమార్పిడి సంగతి. సన్నగా, ఆరోగ్యంగా ఉన్న దాత మలంలోని బ్యాక్టీరియాను రోగి పేగులోకి ఎక్కిస్తారు. 2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు మెటబాలిక్ సిండ్రోమ్ (పొట్ట కొవ్వు, బీపీ, షుగర్ లాంటివి కలిసి పెరిగే స్థితి) ఉన్న మగవాళ్లకి ఇలా చేస్తే, 6 వారాల్లో వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మునుపటికన్నా బాగా పనిచేసింది. కానీ 2017 నాటి మరో పరీక్షలో 18 వారాలకల్లా ఆ లాభం పోయింది. పైగా దాత నుంచి ఇన్‌ఫెక్షన్ సోకే ప్రమాదం ఉంది. షుగర్ కోసం దీన్ని పరిశోధకులకే వదిలేద్దాం.

ఇక ప్రోబయోటిక్‌లు, అంటే మేలు చేసే బ్యాక్టీరియా ఉన్న మాత్రలు. వాటిలో నాకు ఆశ కలిగించింది అక్కర్‌మాన్సియా అనే బ్యాక్టీరియా. 2019లో బెల్జియంలో 3 నెలల పరీక్ష చేస్తే, బతికున్నదానికన్నా వేడిచేసి చంపినదే ఇన్సులిన్ నిరోధకతను (ఇన్సులిన్‌కి కణాలు సరిగ్గా స్పందించకపోవడాన్ని) బాగా తగ్గించింది. అయితే పాల్గొన్నది 32 మందే. మామూలుగా అమ్మే ప్రోబయోటిక్‌లు వేరే రకాలు, చాలామంది పేగుల్లో అవి నిలబడవు కూడా.

నా ఓటు పీచుకే. మనం అరిగించుకోలేని పీచు పెద్దపేగుకి చేరాక బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొరలోని కణాలకి బ్యూటిరేటే ముఖ్యమైన ఆహారం. ఆ పొర బలహీనపడితే బ్యాక్టీరియా విషపదార్థాలు రక్తంలోకి జారి ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) రేపుతాయి, దాంతో ఇన్సులిన్ మాట కణాలు సరిగ్గా వినవు. ఇవే ఆమ్లాలు ఇన్సులిన్ విడుదలకి తోడ్పడి ఆకలి తగ్గించే జీఎల్‌పీ-1 అనే పేగు హార్మోన్ కూడా ఊరేలా చేస్తాయి. షుగర్‌కీ, బరువు తగ్గడానికీ వాడే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ అనుకరించేది ఈ హార్మోన్‌నే.

చైనాలో 43 మంది షుగర్ రోగులతో చేసి 2018లో ప్రచురించిన పరీక్షలో అందరికీ అకార్బోస్ అనే షుగర్ మందు ఇచ్చారు. 12 వారాల తర్వాత హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 7 శాతం కన్నా తగ్గినవాళ్లు రకరకాల పీచు ఎక్కువగా తిన్న గుంపులో 89 శాతం, మామూలు డైట్ గుంపులో 50 శాతం. మందు రెండు గుంపులకీ ఒకటే అని గమనించండి. పీచు మందుకి తోడు, బదులు కాదు. షుగర్ తగ్గించే మెట్‌ఫార్మిన్ మందు కూడా పేగు బ్యాక్టీరియాను మారుస్తుంది కాబట్టి దాన్ని సొంతంగా మానేయడం రెండు విధాలా నష్టం.

పప్పుధాన్యాలు, కూరగాయలు, ముడిధాన్యాలు కొద్దికొద్దిగా పెంచండి. ఒక్కసారే పెంచితే గ్యాస్, కడుపుబ్బరం తప్పవు. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ వాడేవాళ్లు ముందే డాక్టరుకి చెప్పి, మొదటి వారాల్లో గ్లూకోమీటర్‌తో తరచుగా చూసుకోవాలి. షుగర్ మరీ పడిపోతుంటే డోసు తగ్గించాల్సి రావచ్చు.